సన్నకాళ్ల బల్ల

చిత్రావతి పొంగి అరటితోటలు గెలలతో సహా కొట్టుకుపోయిన యేడు ఇది, అంటే కొండయ్య ఈ కుర్చీలో కూర్చుని ఎన్నేండ్లయినట్టు, పెన్నకు నీళ్లెక్కువై జమ్మలమడుగు దిగువన దోసతోటల మీద ఇసుక మేట వేసిన యేడు కదా కొండయ్య కూర్చున్నది, దానికి ముందు ఏ యేటికీ నీళ్లు రాని కరువులో చిన్నసుబ్బయ్య, అప్పుడు పులుసులో ముక్కలు కూడా తక్కువే, ఇప్పుడు తను, కూచ్చో నాగప్పా అని పెద్దాయన మళ్లీ అన్నాడు, ఇది రెండోసారి, ఈ ఇంట్లో ఆయన చేత ఒక మాట రెండోసారి చెప్పించుకున్నవాళ్లు ఎవరూ గుర్తుకు రావడం లేదు, నాగప్ప భుజం మీది తుడుపుగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు, మళ్లీ భుజం మీదే వేసుకున్నాడు, కుర్చీని నిర్మలమ్మ లాగింది, పెద్దాయన భార్య, ఇంత ఇంటికి యజమానురాలు, తన చేత్తో తనే లాగింది, కుర్చీ కాలు నాపబండ మీద కీచుమంది, వేరే రోజయితే అమ్మా, ఈడ్చొద్దమ్మా, ఎత్తి పెట్టాల అనేవాడు, ఈ ఇంట్లో తను నోరు తెరిచి చెప్పేది ఆ ఒక్క మాటే, ఈ రోజు అదీ రాలేదు, కూర్చున్నాడు, పంచె కుచ్చెళ్లు కాళ్ల మధ్య పెట్టుకోవాలో పక్కకు వదలాలో తెలియలేదు, అరవై రెండేళ్ల మనిషికి కూర్చోవడం చేతకాలేదు.

బల్ల అంచు పొట్టకు తగిలింది, చల్లగా ఉంది, మిట్టమధ్యాహ్నం బయట రాళ్లు పగిలే ఎండలో కూడా ఇది చల్లగా ఉంటుంది, ముప్పయ్యారేండ్లుగా తుడుస్తున్నాడు, నెలకొకసారి అవిసెనూనె పెట్టి చెక్క గీత వెంబడే రుద్దుతాడు, అడ్డంగా రుద్దితే మచ్చ పడుతుంది, ఎవరూ నేర్పలేదు, చెక్కే నేర్పింది, పులివెందుల పక్కన రాతినార గని నడిచే రోజుల్లో ఒక దొర బంగళా ఉండేది, ఆ దొర కాగితం మీద గీసి ఇస్తే ప్రొద్దుటూరు వడ్రంగి ఒకాయన టేకుతో చేసిచ్చినాడంట, గని మూతపడి సామానంతా వేలానికి వస్తే పెద్దాయన తండ్రి దీన్నీ ఆరు కుర్చీలనూ పాడుకున్నాడు, ఎద్దులబండి మీద తలకిందులుగా కట్టి తెచ్చినారు, నాగప్ప అప్పుడు ఊరి బయట గొర్రెలు మేపుతూ చూసినాడు, నాలుగు కాళ్లు ఆకాశానికి ఎత్తుకుని బండి మీద ఊగుతూ వచ్చింది, తల్లి కడుపులో నుంచి జారి పడిన గొర్రెపిల్ల ఇంకా తడి ఆరకుండానే లేచి, కాళ్లు నాలుగూ ఎడంగా పెట్టి, పడకుండా నిలబడుతుంది చూడు, అచ్చం అట్లాంటి కాళ్లు, పైన ఇంత లావు, కిందికొచ్చేకొద్దీ సన్నం, కొంచెం బయటికి వాలి, ఈ సన్నకాళ్ల బల్ల ఉగాది దాకా నిలబడితే నా మీసం తీసేస్తా అన్నాడు పెద్దాయన తండ్రి, తెచ్చినాయనే అన్నాడు, అందరూ నవ్వినారు, ఆయన పోయినాడు, ఆయన మీసమూ కాలిపోయింది, బల్ల నిలబడే ఉంది, మధ్యలో నిర్మలమ్మ ఇది పాతచింతకాయ పచ్చడి, తీసేయండి అని ప్రొద్దుటూరు నుంచి అద్దాల బల్ల తెప్పించింది, అది రెండేండ్లకు ఎలక్షన్ల గొడవలో వీధిలో పేలిన బాంబు చప్పుడుకే పగిలి మంచులాగా రాలింది, గడ్డివాములో గోనెపట్టా కప్పి పడుకోబెట్టిన దీన్ని మళ్లీ నాగప్పే మోసుకొచ్చి తుడిచినాడు, తుడవగానే నిన్ననే చేసినట్టు మెరిసింది, పార్టీ పనిమీద హైదరాబాదు నుంచి వచ్చిన ఒకాయన అన్నం తినడం మానేసి దీని మీద చెయ్యి రాస్తా, దీనికి పువ్వూ లేదు, లతా లేదు, చెక్కడమే లేదు, పాతబడడానికి ఏమైనా ఉంటే కదా సార్ పాతబడేది అన్నాడు, పెద్దాయనకు అర్థం కాలేదు, గోడ వారన నిలబడిన నాగప్పకు అర్థమయింది, అర్థమయిందని ఎవరికీ చెప్పలేదు, చెప్పడానికి ఎవరడిగినారు గనక.

తిను నాగప్పా అంది నిర్మలమ్మ, కంచంలో సంగటిముద్ద పెట్టింది, ముద్ద మధ్యలో వేలితో గుంట చేసి నెయ్యి పోసింది, నాటుకోడి పులుసు వంచింది, ఒక పక్కన శెనక్కాయల ఊరిబిండి, ఆ రోటిపచ్చడి తనకు ఇష్టమని ఈమెకెట్లా తెలుసు, ముప్పయ్యారేండ్లు తన కంచం వంకే చూడని మనిషి, చిన్నసుబ్బయ్యకు ఏం పెట్టింది, ఆ రోజు కంచం కడిగి బల్ల మీద పెట్టింది తనే, చిన్నసుబ్బయ్య కూర్చుని ఇటూ అటూ చూసి తన వైపు కన్నుగీటినాడు, సూడప్పా నాగప్పా నేనెట్లుండానో, దొరమాదిరి లేనా అన్నాడు, నవ్వినారు, తనూ నవ్వినాడు, మరుసటి రోజు సుమో ఎక్కినాడు, అప్పటికి సుమోలు యాడివి, జీపు, జీపెక్కి పులివెందుల కోర్టుకు పోయి తను చెయ్యని ఖూనీ నేనే చేసినా అని నిలబడినాడు, జైల్లోనే కడుపునొప్పొచ్చి పోయినాడు, ఈ ఇంట్లో పనివాడికి, కాపలా ఉన్నవాడికి, కొడవలి పట్టినవాడికి, పశువులు మేపినవాడికి, వసారాలో విస్తరాకు వేస్తారు, ఈ బల్ల దగ్గర కుర్చీ వేసి పేరు పెట్టి పిలిచి కంచంలో వడ్డించినారంటే ఒక్కటే అర్థం, ఇంటివాళ్లు చేసిన ఖూనీ వాడు ఒప్పుకోవాల, తెల్లారి లొంగిపోవాల, ఎవరూ నోటితో చెప్పరు, కుర్చీ చెప్తుంది, ముద్ద నోట్లో పెట్టుకుంటే సరే అన్నట్టు, ఈ బల్ల దగ్గర తిని తర్వాత కాదన్నవాడు ఈ చుట్టుపక్కల ఇంతవరకు లేడు, కొండయ్య ఏడేండ్లకు వచ్చినాడు, దగ్గుతా వచ్చినాడు, వస్తే వసారాలోనే ఆకు వేసినారు, మళ్లీ కుర్చీ వేయలేదు, అప్పుడు కొండయ్య ఆకు ముందర కూర్చుని లోపలికి, ఇటే, ఈ బల్ల వైపే చూసినాడు, నాగప్పా, ఆపొద్దు దాని మీద చెయ్యి పెట్టినా సూడు, ఎంత సల్లగా ఉండె, జైల్లో ఎండకాలం వస్తే అదే తలుచుకునేవాణ్ణి అన్నాడు, ఆ మాటకు నాగప్ప అసూయపడినాడు, సిగ్గులేకుండా అసూయపడినాడు, ఏడేండ్లు పోయినా ఒక పూట కూర్చున్నాడు కదా వీడు అనుకున్నాడు, అట్లా అనుకున్నందుకేనేమో ఈ పొద్దు తన వంతు వచ్చింది.

ఇగో, ఈడ చూడు అన్నాడు ప్లీడరు, ప్రొద్దుటూరు నుంచి వచ్చిన ప్లీడరు, ఎదురు కుర్చీలో కూర్చున్నాడు, టైపు కొట్టిన కాగితం బల్ల మీద పరిచినాడు, దాని మీద నీళ్ల గ్లాసు పెట్టినాడు ఎగిరిపోకుండా, గ్లాసు అడుగున తడి, ఇప్పుడే తుడవకపోతే గుండ్రంగా తెల్లమచ్చ పడుతుంది, నాగప్ప చెయ్యి దానంతట అది గుడ్డతో పోయి గ్లాసెత్తి కింద తుడిచింది, ప్లీడరు నవ్వినాడు, వీనికి బల్ల మీద ఉండే ధ్యాస తన మీద ల్యా పెద్దాయనా అన్నాడు, కాగితంలో ఒక మాట చదవగలిగినాడు, మూడో తరగతి దాకా పోయిన చదువు పేరు దాకా వస్తుంది, నాగప్ప, దాని పక్కన ముద్దాయి, ముద్దాయి అనే మాట ఈ ఇంట్లో గోడలకు కూడా తెలుసు, విను నాగప్పా అన్నాడు ప్లీడరు, రెండేండ్ల కింద నీ మేకలు రామాంజులు శెనక్కాయ చేలో పడినాయా లేదా, పడినాయి, వాడు నిన్ను నలుగురిలో కొట్టినాడా లేదా, కొట్టినాడు, ఇంకేం మరి, వేరే ఎవరి పేరు రాసినా పార్టీ ఖూనీ అంటారు, పేపరోళ్లు దిగుతారు, నీ పేరు రాస్తే మేకల కాడ గొడవ అంటారు, ముసిలోడు, కడుపు మంటకు నరికినాడు అంటారు, జడ్జీ కూడా పాపమంటాడు, యాడాదికో రెండేండ్లకో బెయిలు, నాది పూచీ, అని కాగితం మీద ఆనించిన ఆ వేలితోనే ఊరిబిండి తీసి నాకి, శానా బాగుందమ్మా అన్నాడు నిర్మలమ్మతో, ఒక్క వేలితో రెండు పనులు చేసే మనిషి.

రామాంజులు లింగాలవాడు, అవతలి పార్టీకి ఆ ఊళ్లో పోలింగు బూతు దగ్గర కూర్చునేవాడు, పదకొండు రోజులయింది చచ్చిపోయి, పెద్దాయన కొడుకు చిన్నాయనకు ఈసారి పార్టీ టికెట్టు వచ్చేట్టుంది, వారం నుంచి హైదరాబాదులోనే ఉన్నాడు పెద్ద నాయకుల ఇళ్ల ముందర, పోలీసు కాగితాల్లో పేరుంటే టికెట్టు పోతాది అన్నాడు పెద్దాయన, ఒకప్పుడు పేరుంటేనే వచ్చేది, ఇప్పుడు కాలం మారె అని ప్లీడరు అందుకున్నాడు, ఇద్దరూ నవ్వినారు, నాగప్ప ముద్దను చూస్తున్నాడు, నెయ్యి గుంటలో తన ముఖం కాదు గానీ పైన తిరిగే ఫ్యాను రెక్కలు కనిపిస్తున్నాయి, ఇప్పుడు నువ్వు జ్ఞాపకం పెట్టుకోవాల్సింది చెప్తా అన్నాడు ప్లీడరు, చిన్నపిల్లోనికి పద్యం నేర్పినట్టు, రామాంజులు సైకిలు మీద వస్తాండాడు, నువ్వు ఎడమ పక్క చింతచెట్టు చాటు నుంచి వచ్చినావు, ఎడమ పక్క, చెప్పు, నాగప్పకు తెలుసు, ఎడమ పక్క కాదు కదా, కుడి పక్క, చెట్టు చాటు నుంచి కాదు కదా, సుమోలో నుంచి, సైకిలును సుమోతో తోసి, వాడు లేచి ఒక చెప్పుతో పరిగెత్తబోతే చిన్నాయన దిగినాడు, తెల్ల బూట్లు, దిగి మొదటి వేటు తనే వేసినాడు, చిన్నాయనా వద్దు, నేను మీ ఊరి అల్లున్ని అన్నాడు రామాంజులు, తర్వాత మిగిలినవాళ్లు దిగినారు, ఇదంతా నాగప్ప చూసినాడు, గానుగమిల్లు కాడ పశువుల మేతకు గానుగచెక్క గోతాలు సుమో వెనకాల వేసి, నువ్వు బస్సుకు రాపో అంటే బస్సు లేక, గోతాల సందులో ముడుచుకుని కునుకు తీసినాడు, తను వెనక ఉన్నాడని ఎవరికీ తెలియదు, వాళ్లు దిగిన తలుపు తీసే ఉంది, తల ఎత్తకుండానే అంతా కనపడింది, ఇంటికొచ్చి వాళ్లు నీళ్లు పోసుకోను పోయినాక దిగినాడు, ఒరే నాగప్పా ఈడనే ఉండావా, బండి కడుగుపో అన్నాడు ఎవడో, కడిగినాడు, రెండు బిందెల నీళ్లు చాలలేదు, ఆరు బిందెలు పట్టినాయి, చూసినవాడికే ప్లీడరు ఎట్లా చూడాలో నేర్పుతున్నాడు, ఎడమ పక్క అంట, చింతచెట్టంట, ఆ దారిలో చింతచెట్టు లేదు సామీ, ఉండేది వేపచెట్టు.

నాకు శానా రోజుల నుంచీ తెలుసు నాగా, నువ్వు మా ఇంటి మనిషివి అన్నాడు పెద్దాయన, నాగా అన్నాడు, పులుసు జుర్రి మూతి తుడుచుకుని, నీ పెండ్లాం పెంచలమ్మకు ఏం కొరత రానియ్యం, తిండిగింజలు ఈ ఇంటి గాదెలోనుంచే పోతాయి అన్నాడు, ఆ మాటలు తనకు కంఠతా వచ్చు, చిన్నసుబ్బయ్యతో ఇవే, కొండయ్యతో ఇవే, చిన్నసుబ్బయ్య పెండ్లాం మునిమాపువేళ చాట పట్టుకుని గాదె దగ్గర నిలబడితే ఎవరమ్మా నువ్వు అని అడిగినవాళ్లున్నారు ఈ ఇంట్లో, అడిగింది తను కాదు, తను పక్కన నిలబడి ఊరుకున్నాడు, అదీ పెద్ద తేడా ఏం కాదు, ఏమీ అనవేంది అన్నాడు పెద్దాయన, ఇంత వయసుకు ఎందుకులే అనుకుంటాండావేమో, నేను బలవంతం చేసే మనిషిని కాదు, నువ్వు కాదంటే నీ అల్లుడు ఉండాడు కదా, నారాయణ, వయసులో ఉండాడు, గట్టిగా ఉండాడు, మేకలు అప్పుడు తోలుకపోయింది వాడే కదా నిజానికి, అన్నాడు, నిదానంగా అన్నాడు, పాలలో చెక్కెర కలిపినట్టు అన్నాడు, నారాయణ, కూతురి మొగుడు, సుబ్బలక్ష్మికి మూడో నెల, ఈ మాటే చెప్పడానికి ఇంతసేపు పులుసూ నెయ్యీ, తలుపు దగ్గర ఇద్దరు నిలబడినారు, ఎప్పుడొచ్చినారో, వసారాలో సుమో తాళాలు ఎవడో వేలికి వేసుకుని తిప్పుతున్నాడు, గలగల, కిటికీకి ఇనుప చువ్వలు, ఈ ఇంటికి వెనక వాకిలి లేదు, బాంబుల భయానికి ఎప్పుడో రాళ్లతో కట్టేసినారు, ఆ రాళ్లు మోసింది తనే.

ముద్ద తుంచినాడు, తుంచక ఏం చేస్తాడు, పులుసులో ముంచినాడు, నోటి దాకా రాలేదు చెయ్యి, మోచెయ్యి బల్ల మీద ఆనింది, ఆనితే ఆ చల్లదనం ఎముక దాకా పోయింది, ఇదే, కొండయ్య చెప్పింది ఇదే, ఎన్నిసార్లు ఎవరూ లేనప్పుడు కుర్చీ వంక చూసి కూర్చోవాలనిపించి గుడ్డ పిండుకుని వెళ్లిపోయినాడో, పండక్కి ఇల్లంతా ఊరికి పోయినప్పుడు కూడా కూర్చోలేదు, ఇప్పుడు కూర్చున్నాడు, ఇంటావిడ వడ్డించింది, ఇంటాయన నాగా అన్నాడు, అయితే అది ఏదీ, ముప్పయ్యారేండ్లు తను కోరుకున్నది ఏదీ, ఎదురుగా ఒక చెక్క పలక, దాని మీద కాగితం, గ్లాసు, ఎంగిలి బొమికలు, ప్లీడరు జేబులో నుంచి తీసిన కళ్లజోడు డబ్బీ, ఇది ఏ బల్లయినా ఒకటే కదా, ఇక్కడి నుంచి చూస్తే బల్లే లేదు, ఆ అద్దాల బల్లయినా ఇంతే కనిపించేది, నాగప్పకు అన్యాయం జరిగినట్టు అనిపించింది, ప్లీడరు చేసే అన్యాయం కాదు, ఇంకోటి, తిర్నాల సంతలో పట్టుకున్న పిల్లచెయ్యి జారిపోయినట్టు, ఇప్పుడే ఇక్కడే ఉండె, యాడికి పోయె, అటూ ఇటూ చూస్తుంటే భుజం మీది గుడ్డ జారి కింద పడింది.

తియ్యడానికి వంగినాడు, తల బల్ల కిందికి పోయింది, కిందికి పోగానే అది అక్కడ ఉంది, ఉన్నట్టే ఉంది, నాలుగు కాళ్లు, గొర్రెపిల్ల కాళ్లు, పైకి పోయేకొద్దీ లావెక్కి పలకలోకి ఎక్కడ కలిసిందో తెలియకుండా కలిసిపోయి, ఒక్క మేకు లేదు, వేలు పెడితే అతుకు తగలదు, చెక్కగీత కాలి నుంచి పలకకు వంపు తిరిగి ఎక్కుతుంది వానకు కొండ మీద నీటి జాడ మాదిరి, ఒక మూల ఆ వడ్రంగి గీసిన పెన్సిలు గీత ఇప్పటికీ చెరగలేదు, అడుగున నాపబండల మీద పడిన వెలుగు పైకి కొట్టి చెక్కను తేనెరంగు చేసింది, తను ముప్పయ్యారేండ్లు చూసింది ఇది, నేల మీద గొంతుకూర్చుని, మోకాళ్ల మీద పాకి, గుడ్డతో ఒక్కో కాలూ నిమురుతా చూసింది ఇది, పైన కూర్చున్నవాళ్లలో ఒక్కరయినా దీన్ని చూసినారా, పెద్దాయన తండ్రి బండి మీద చూసినాడేమో, తర్వాత ఆయనా కుర్చీలో కూర్చున్నాడు, చిన్నసుబ్బయ్య చూడలేదు, కొండయ్యకు చల్లదనమే తెలుసు, ఇంత అందం కుర్చీల్లో కూర్చున్నవాళ్లకు లేకుండా పోయింది, నేల మీద ఉన్నవాడికే దక్కింది, వాళ్లు ఇప్పుడు తనకు మర్యాద అని ఇచ్చేది ఏంది అంటే అది కనపడని చోటు.

గుడ్డ చేతికి దొరికింది గానీ లేవలేదు, కాళ్ల వెనక కాళ్లు కనిపించినాయి, ప్లీడరు బూట్లలో నుంచి మడమలు బయటికి తీసి పెట్టుకున్నాడు, చిరిగిన మేజోళ్లు, నిర్మలమ్మ వడ్డించడానికి నిలబడి ఒక పాదం మీద ఇంకో పాదం వేసి మట్టెను నొక్కుతూ ఉంది, నొక్కి నొక్కి ఆ వేలు తెల్లబడింది, ఇక పెద్దాయన, చెప్పులు విడిచిన పాదాలు, పైన అంత నిదానంగా పాలలో చెక్కెర కలిపే మనిషి, కింద ఆయన కుడి మోకాలు వణుకుతున్నది, మామూలుగా కాదు, జల్లెడ పట్టినట్టు, ఆపుకోవడానికి ఎడమ పాదంతో కుడి పాదాన్ని తొక్కిపెట్టినాడు, అయినా ఆగడం లేదు, బల్ల కాలికి తగిలి సన్నగా టిక్కుటిక్కుమంటున్నది, భయపడతాండాడు, ఈ మనిషి భయపడతాండాడు, నన్ను చూసి, ఈ ముద్ద నా నోట్లోకి పోతాదో పోదో అని, పైన కూర్చున్నవాళ్లు ముప్పయ్యారేండ్లు తనకు కళ్లున్నాయని అనుకోలేదు, గోతాల మధ్య ఉన్నాడని అనుకోలేదు, బల్ల కింద గుడ్డ తీసుకుంటున్నవాడు ఏమైనా చూస్తాడని ఇప్పుడూ అనుకోవడం లేదు, చూసినాడు, ఈ ఇంటిని కింద నుంచి చూసినవాడు తను ఒక్కడే, కింద నుంచి చూసింది అబద్ధం కాదు, ఆ మోకాలు అబద్ధం ఆడదు, చిక్కుకున్నది తను అనుకున్నాడు ఇంతసేపు, తను కాదు, వాళ్లు, తన నోటిలో చిక్కుకుని ఉన్నారు.

పైకి లేచినాడు, తలకు బల్ల అంచు తగిలింది, నొప్పి తెలియలేదు, తుంచిన ముద్దను కంచంలోనే పెట్టి చెయ్యి గుడ్డకు తుడుచుకున్నాడు, ఏందిరా అన్నాడు పెద్దాయన, వద్దు అన్నాడు నాగప్ప, ఏం వద్దు అన్నాడు ప్లీడరు, సంగటి వద్దు అన్నాడు, ఆకలి ల్యా అన్నాడు, వసారాలో తాళాల గలగల ఆగింది, నిర్మలమ్మ రెండు చేతులూ కొంగులో పెట్టుకుంది, ఆమె కళ్లలో ఒక్క క్షణం ఏదో కదిలింది, సంతోషమో భయమో, పెద్దాయన నవ్వినాడు, ముసిలోనికి తల తిరిగినట్టుంది, ఇంటికి పోయి పండుకో నాగప్పా, తొందరేం ల్యా, రేపు పొద్దున పదిగంటలకు సుమో మీ వాకిట్లోకి వస్తాది, నువ్వన్నా ఎక్కు, నారాయణన్నా ఎక్కు, మీ ఇష్టం అన్నాడు, నాగప్ప కుర్చీ ఎత్తి వెనక్కు పెట్టినాడు, ఈడ్చలేదు, తలుపు దగ్గర ఇద్దరూ పక్కకు జరిగినారు, వాళ్ల ముఖాలు కూడా చూడలేదు, ఎండలోకి వచ్చినాడు.

ఇంట్లో పెంచలమ్మ చెప్పకముందే తెలిసినదానిలాగా వాకిట్లోనే నిలబడి ఉంది, కూచ్చోపెట్టిరా అంది, తల ఊపినాడు, తింటివా అంది, లేదు అన్నాడు, ఆమె అతని ముఖం చూసి, నీకు ఇప్పుడొచ్చిందా బుద్ధి, ఇన్నేండ్లు యాడ దాచిపెట్టినావు దాన్ని అని తిట్టింది, తిడుతూనే లోపలికి పోయి కూతురి చీరలు రెండు మూట కట్టింది, సుబ్బలక్ష్మీ నారాయణా మూడు గంటల బస్సుకు ప్రొద్దుటూరు పోయి అక్కడి నుంచి బద్వేలు దిక్కు నారాయణ మేనమామ ఇంటికి పోవాలని, మందను పొరుగింటి వాళ్లకు అప్పజెప్పాలని, అంతా ఆమే అనుకుంది, నారాయణ మాత్రం నేనెందుకు పారిపోవాల మామా, నువ్వేం చేస్తావు అన్నాడు, సుబ్బలక్ష్మి కడుపు మీద చెయ్యి పెట్టుకుని నిలబడి చూస్తున్నది, పోరా అన్నాడు నాగప్ప, అల్లుణ్ణి ఎప్పుడూ రా అనలేదు, వాడు నోరు మూసుకుని మూట ఎత్తుకున్నాడు, నువ్వూ పో అంటే పెంచలమ్మ పోలేదు, ఈ గుడిసెకు తాళం లేదు, ఎవరుండాల దీని కాడ అంది.

తెల్లవారి, ఇంకా కోళ్లు నేల మీదికి దిగకముందే, నాగప్ప మొఖం కడుక్కుని లింగాల దారి పట్టినాడు, బస్సు కోసం చూడలేదు, చేలగట్ల మీద నడిచినాడు, ఎండ నెత్తి మీదికి ఎక్కేటప్పటికి రామాంజులు ఇల్లు అడిగి ఇంటి ముందర నిలబడినాడు, రామాంజులు పెండ్లాం మునెమ్మ తెల్లచీరలో వాకిలి దాకా వచ్చి ఆగిపోయింది, ఆమె వెనకాల మరిది చేతికర్ర తీసుకున్నాడు, పెద్దాయన ఇంట్లో పనిచేసే గొర్రెల నాగప్ప కదూ, ఏంది, ఇంకా యవరైనా మిగిలినారా అని చూసిపోను పంపించినారా అన్నాడు మరిది, నాగప్ప పంచె సర్దుకున్నాడు, జీవితమంతా రాని మాటలు ఒక్కసారి ఎట్లా వస్తాయి, మునెమ్మ ఇంకా కదలకుండా చూస్తున్నది, నేను చూసినానమ్మా అన్నాడు, ఏం చూసినావు అందామె, బండి వెనకాల గోతాల మధ్య ఉంటి, వాళ్లకు తెలీదు, వేపచెట్టు కాడ, కుడి పక్క, మొదటి దెబ్బ మురళీధర వేసినాడు అన్నాడు, పిల్లప్పుడు భుజాన ఎక్కించుకుని తిప్పిన చిన్నాయన పేరు, ఆ ఇంట పనిచేసేవాడు ఏనాడూ పలకని పేరు, పలికి, అది తన నోట్లో నుంచే వచ్చిందా అని తనే విన్నట్టు ఆగి, యాడ చెప్పమంటే ఆడ చెప్తా అన్నాడు.